చుక్కి కాలి కట్టు

జోగమ్మ గురించి చెప్పాలంటే ఆవిడ కోడిపెట్ట కాలి దగ్గరే మొదలుపెట్టాలి.

భిలాయి క్యాంప్ వన్‌లో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఉన్నది ఒక్క ఇటుక మందం గోడ. మా వంటగది కిటికీ తీస్తే వాళ్ళ పెరడు. పెరడంటే ఎంత, ఒక మంచం, ఒక కుళాయి, ఒక స్కూటరు పెడితే నిండిపోతుంది. వాళ్ళింట్లో చారు మరిగితే అందులో ఇంగువ పడిందో లేదో నాకు ఇక్కడే తెలిసిపోతుంది. ముప్పై ఏళ్ళుగా అలా తెలుస్తూనే ఉంది.

జోగమ్మ పదిహేడో ఏట బొబ్బిలి పక్కనుంచి కోడలిగా వచ్చింది. మామగారు ఇక్కడి ఉక్కు ప్లాంటు కట్టే రోజుల్లో మట్టి మోయడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. మొగుడు సింహాద్రి కుమ్హారి ఊరి అవతల ఒక చిన్న మిల్లులో ఫిట్టరు. రోజూ స్కూటరు మీద పెద్ద రోడ్డు పట్టుకుని వెళ్ళి సాయంత్రం ఆరుంబావుకు తిరిగొస్తాడు. జోగమ్మ ఇంట్లో మిషను పెట్టుకుని చీరలకు ఫాలూ పీకో కుడుతుంది. ఒక్కగానొక్క కూతురు కృష్ణప్రియ పెళ్ళయి నాగపూర్‌లో ఉంది.

కిందటేడు వానల్లో సింహాద్రి స్కూటరును ఒక లారీ రాసుకుంటూ పోయింది. తుంటి విరిగింది, తలకు దెబ్బ తగిలింది. పదకొండు రోజులు కళ్ళు తెరవలేదు. పదకొండో రోజు ఆసుపత్రి వరండాలో జోగమ్మ నా చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని, పైకే మొక్కుకుంది.

"మరిడమ్మ తల్లీ, ఈయన కళ్ళు తెరిసి నన్ను గుర్తట్టితే, మా గంప కింద పిల్లల్లో ముందు పుట్టిన పెట్టని నీకిచ్చుకుంతాను."

మర్నాడు మధ్యాహ్నం సింహాద్రి కళ్ళు తెరిచి, "జోగీ, స్కూటరేటయినాదే?" అన్నాడు. కాబట్టి ఆ మొక్కుకు నేను సాక్షిని. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

విజయనగరం వైపునుంచి వచ్చిన మా వాళ్ళలో మొక్కిన కోడికి కొన్ని కట్టుబాట్లున్నాయి. కాలికి పసుపు దారం కడతాం. దాన్ని అమ్మకూడదు, ఇంకో కోడితో మార్చకూడదు. పేరు పెట్టి పిలవకూడదు. కుంటిదీ గుడ్డిదీ అమ్మవారికి చెల్లదు. ఆషాఢంలో మా వీధి చివర మరిడమ్మ గద్దె దగ్గర పండగ చేస్తాం. ముందురోజు పెద్దమనిషి దుర్గారావు మొక్కిన కోళ్ళన్నిటినీ గద్దె ముందు నడిపించి చూస్తాడు. బాగా నడిచినదాని మీద పసుపు నీళ్ళు చల్లుతాడు. ఒళ్ళు దులుపుకుందంటే తల్లి ఒప్పుకున్నట్టు. మర్నాడు దాని పని అయిపోతుంది.

ఈ ఏడు పండగ ఇంకా నెల రోజులుందనగా, పొద్దున్న ఆరున్నరకు వాన దంచేస్తోంది. సింహాద్రి రెయిన్‌కోటు వేసుకుని, ఆలస్యమైపోతోందన్న కంగారులో స్టాండు తీసి స్కూటరు ముందుకు నెట్టాడు. వానకు స్కూటరు కింద నక్కిన మొక్కు పెట్ట మీదికి వెనక చక్రం దిగింది. ఆ అరుపు విని నేను చేతిలో ఉన్న పాలగిన్నె వదిలేశాను. ఆ వెంటే జోగమ్మ నన్ను కేకేసింది.

"ఓలమ్మో! పిన్నీ! బేగి రాయే! కాలిరిగిపోనాది!"

నేను వెళ్ళేసరికి సింహాద్రి వానలో స్కూటరు పట్టుకుని బొమ్మలా నిలబడిపోయాడు. పెట్ట రెక్కలు కొట్టుకుంటూ గుండ్రంగా తిరుగుతోంది. ఎర్ర పెట్ట, మెడ చుట్టూ నల్ల చుక్కలు. పసుపు దారం ఉన్న కాలే విరిగింది.

"నాను సూడ్లేదే జోగీ," అన్నాడు సింహాద్రి.

"సూసుంటే ఎందుకిరుగుతాది? నువ్వెల్లు ముందు, డూటీకి లేటయిపోద్ది." అతను సందు మలుపు తిరిగేదాకా ఆగి, జోగమ్మ నా భుజం మీద తల పెట్టేసింది. "పిన్నీ, ఆయన కోసం మొక్కిన కోడిని ఆయన సేత్తోనే కుంటి సేసీసేడు. ఏటిది? తల్లికి కోపమొచ్చినాదంతావా?"

మనిషిని తిరిగిచ్చిన తల్లి బాకీ అందకపోతే ఏం చేస్తుందో ఎవరికి తెలుసు? సింహాద్రి మళ్ళీ ఆ రోడ్డు మీదే పోతున్నాడు. లారీలూ అవే.

"నెల్రోజులుంది. అతికించుదాం పద," అన్నాను.

పెట్టను తువ్వాలులో చుట్టి నేను ఒళ్ళో పట్టుకున్నాను. జోగమ్మ వెదురు బద్దలు రెండు సన్నగా చీల్చి, అంచులు గాజుముక్కతో గీకి నున్నగా చేసింది. పవర్ హౌస్ బజారులో మూలికల ముసలమ్మ దగ్గరికి బొమికలు అతికించే తీగ కోసం నేనే పరిగెత్తాను. మనం నల్లేరు అంటాం, ఇక్కడివాళ్ళు హడ్జోడ్ అంటారు. దాన్ని పసుపుతో నూరి పట్టించి, దూదిపెట్టి, బద్దలు వేసి, ఫాలు గుడ్డ పీలికతో కట్టింది. ఇరవై ఏళ్ళుగా చీర అంచులు కుట్టిన చెయ్యి, కట్టు ఎక్కడా ముడత లేదు.

ఒంటికాలి మీద కోడి ఎక్కువసేపు నిలబడలేదు. కూలబడే ఉంటే రొమ్ము పుండు పడుతుంది. జోగమ్మ సింహాద్రి పాత చొక్కా తీసి, కాళ్ళకు రెండు చిల్లులు కత్తిరించి, మంచం పట్టెలకు ఉయ్యాలలా కట్టింది. అందులో పెట్టను కూర్చోబెడితే కాళ్ళు కిందికి వేలాడుతూ, నేలకు తగిలీ తగలనట్టు ఉన్నాయి. మూడు రోజులు అది నూక ముట్టలేదు. జోగమ్మ పెరుగన్నం మెత్తగా పిసికి, చిటికెన వేలితో ముక్కు సందులో పెట్టేది. కింద రెట్ట తుడిచేది. గంటకోసారి వేళ్ళు పట్టుకుని చూసేది, చల్లబడ్డాయేమోనని.

సాయంత్రం సింహాద్రి వచ్చి చూసి, "నాకు డాక్టరుగారు ఏసిన కట్టుకన్నా దీనికే బాగా కట్టినావే," అనేవాడు.

"నీకేటి, నీ సంగతి పదకొండు రోజుల్లో తేలిపోయింది. దీనికి నెలుంది," అనేది.

నాగపూర్ నుంచి కృష్ణప్రియ ఫోను చేసి, కోడే కదా అని నవ్వింది. "అరే మమ్మీ, ముర్గీయే తో హై!"

"ముర్గీయేనే తల్లీ. మీ నాన్న పేనం దాని కాలి మీదుంది," అంది జోగమ్మ. అటువైపు నవ్వు ఆగిపోయింది.

పది రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం నేను కిటికీ దగ్గర చింతపండు పిసుకుతున్నాను. అటువైపునుంచి మిషను చప్పుడు ఆగి, జోగమ్మ గొంతు మెల్లగా వినిపించింది. "చుక్కీ... ఇలగ సూడు చుక్కీ. ఒక్క ముద్ద."

నా చెయ్యి ఆగిపోయింది. మొక్కిన కోడికి పేరు!

అడుగుదామనుకున్నాను. ఎప్పుడూ అడక్కుండా ఊరుకున్నదాన్ని కాదు. కానీ ఆ పిలుపులో ఉన్నదేదో నన్ను ఆపేసింది. సింహాద్రి మంచాన ఉన్న నాలుగు నెలలూ ఆ పెట్ట చిన్న పిల్లగా ఆ మంచం కిందే తిరిగింది. అతను మళ్ళీ డ్యూటీకి వెళ్ళాక పగలంతా ఇంట్లో జోగమ్మ మాట్లాడటానికి ఉన్న ప్రాణి అదొక్కటే. అప్పుడు పేరు పెట్టకుండా తట్టుకుంది. ఇప్పుడు రోజుకు పదిసార్లు ఒళ్ళోకి తీసుకుంటుంటే తట్టుకోలేకపోయింది. చేతికి అలవాటైపోయింది అది.

అసలు సంగతి ఇంకో వారానికి తెలిసింది. తెల్లగా తెల్లారాక పాలు పొంగుతాయని పొయ్యి దగ్గర నిలబడి కిటికీ రెక్క కొంచెం తీశాను. పెట్ట కాలికి కట్టు లేదు. పెరట్లో నడుస్తోంది. కుంటుతూ కాదు, ఠీవిగా, మెడ ముందుకూ వెనక్కూ ఆడిస్తూ కుళాయి దాకా వెళ్ళి, గోడ పక్కన పురుగును పొడుచుకుని తిరిగొచ్చింది. జోగమ్మ మెట్టు మీద కూర్చుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూస్తోంది. నాకు సంతోషంతో కేక వెయ్యాలనిపించింది. వేసేలోపే ఆవిడ లేచి, పెట్టను ఒళ్ళోకి తీసుకుని, వెదురు బద్దలు పెట్టి, మళ్ళీ కట్టు కట్టేసింది. ముందుకన్నా గట్టిగా.

పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. నాకు అంతా అర్థమైంది. కాలు బాగైతే పెట్ట పోతుంది. కాలు బాగవకపోతే పెట్ట ఉంటుంది.

కూరగిన్నె చేతపట్టుకుని వెళ్ళాను. "కాలెలగుందే?" అన్నాను.

"ఇంకా అతకలేదు పిన్నీ," అంది మిషను మీదనుంచి తలెత్తకుండా.

"పొద్దున్న సూసేనే నాను."

సూది చీరలోనే ఆగింది. ఆవిడ లేచి తలుపు దగ్గరికి వేసి, నా పాదాల దగ్గర కూలబడింది.

"నీ కాళ్ళట్టుకుంతాను. దుర్గారావు మావకి సెప్పకు. కుంటిదయితే తల్లే వద్దంతాది కదా. నానివ్వనన్నట్టు కాదు కదా. తల్లే వద్దన్నట్టు."

"తల్లి కళ్ళకి గంతలు కడతావేటే?"

"నాకు తెలీదు పిన్నీ. ఆయన రోజూ ఆరుంబావుకొస్తాడు. ఆరయ్యేసరికి మిషనొదిలేసి గుమ్మంలో నిలబడతన్నాను. అయినా దాన్ని ఇవ్వలేకపోతన్నాను. నానేటి సెయ్యను?"

ఇంటికొచ్చి దేవుడి పటం వైపు చూడలేకపోయాను. మొక్కుకు సాక్షిని నేను, మోసానికీ సాక్షిని నేనే. మా వీధిలో ఎవరింట్లో ఏ పప్పు ఉడికినా నలుగురికి చెప్పందే నాకు నిద్రపట్టదు. అలాంటిది పన్నెండు రోజులు ఆ మాటను నోట్లో పెట్టుకుని తిరిగాను. కుళాయి దగ్గర ఆడవాళ్ళు "పిన్నీ, ఒంట్లో బాలేదా?" అని అడిగారు.

పండగ నాలుగు రోజులుందనగా దుర్గారావు మా అరుగు మీదకే వచ్చి కూర్చున్నాడు. ప్లాంటులో రిటైరయ్యాక అతనికి గద్దె పనే డ్యూటీ. అబద్ధం అతని ముందు చెప్పడం కష్టం, కళ్ళలోకి చూస్తూ ఊరుకుంటాడు.

"వదినా, నీకు తెలీకుండా ఈ ఈదిలో ఆకు రాలదు. జోగమ్మ పెట్ట కాలెలగుంది?"

"కట్టు ఇంకా ఉంది."

"కట్టుంది సరే. కాలెలగుందీ అంటన్నాను."

"నానేటి డాక్టర్నా? ఎలగూ నడిపించుతావు కదా, నువ్వే సూసుకో." లేచి లోపలికి వెళ్ళిపోయాను. జీవితంలో ఎవరైనా అడిగితే మాట మింగింది అదే మొదటిసారి.

నడిపించే రోజు సాయంత్రం నాలుగింటికి గద్దె ముందు పదకొండు కోళ్ళు. వాన వెలిసి నేల జారుతోంది. జోగమ్మ పెట్టను చంకలో పెట్టుకుని చివర నిలబడింది. సింహాద్రి డ్యూటీలో ఉన్నాడు. ఒక్కొక్క కోడీ నడిచింది, దులుపుకుంది. జోగమ్మ వంతు వచ్చింది.

"కట్టు తియ్యి," అన్నాడు దుర్గారావు.

"మావా, ఇంకా..."

"తియ్యమంటన్నాను."

ఆవిడ వేళ్ళు ముడి విప్పలేకపోయాయి. అతనే విప్పాడు. బద్దలు పక్కన పెట్టి, కాలు చేత్తో తడిమాడు. విరిగినచోట వేలితో నొక్కాడు. పెట్ట అరవలేదు. దుర్గారావు తలెత్తి జోగమ్మను చూశాడు, తరవాత నన్ను. బొమిక అతికిపోయిందని అతనికి తెలిసిపోయింది. ఇక నడిస్తే అంతే.

పెట్టను కిందికి దింపాడు.

అది ఒక అడుగు వేసింది. రెండో కాలు నేల మీద ఆనలేదు. వేళ్ళు లోపలికి ముడుచుకుని పిడికిలిలా ఉన్నాయి. ఆ పిడికిలి మీద బరువు వేసి పక్కకు పడిపోయింది. మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. వెనకనుంచి ఎవరో అయ్యో అన్నారు.

"చెల్లదు," అన్నాడు దుర్గారావు. తరవాత ఆవిడకూ నాకూ మాత్రమే వినపడేలా అన్నాడు. "మొక్కు మొక్కేనే జోగమ్మా. కాలు బాగయ్యాక ఏ మంగళారమైనా తీసుకొచ్చి తల్లికి సూపించు. నాను అడగను. నువ్వే రావాలి."

పెట్ట బతికింది. జోగమ్మ వైపు చూస్తే ఆవిడ మొహంలో ఆ సంతోషం లేదు. బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, ముడుచుకుపోయిన వేళ్ళను ఒక్కొక్కటే విప్పి చూస్తోంది. వదలగానే అవి మళ్ళీ ముడుచుకుపోతున్నాయి.

"బాగైపోయిన కాలు పిన్నీ," అంది దారిలో. "నువ్వు సూసినావు కదా, ఎలగ నడిసిందో. నానే కుంటిదాన్ని సేసీసేను. ఆయన సూడక సేసేడు. నాను సూసి సేసేను."

మర్నాడు గద్దె దగ్గర డప్పులు మోగుతుంటే మేమిద్దరం ఆటోలో పశువుల ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరు కుర్రాడు పెట్టను అటూ ఇటూ తిప్పి, బొమిక ఎప్పుడో అతికిందన్నాడు. "పట్టీ ఇత్నే దిన్ క్యోఁ రఖీ, మాతాజీ?" అని అడిగాడు. అతికాక కూడా ఇన్నాళ్ళు కట్టెందుకు ఉంచావని. జోగమ్మ తల దించుకుంది. నరం బిగుసుకుపోయిందనీ, గోరువెచ్చని నీళ్ళలో పెట్టి రోజుకు నాలుగుసార్లు నెమ్మదిగా సాగదియ్యమనీ, పాత నడక రావచ్చు, రాకపోవచ్చుననీ చెప్పాడు.

అక్కడినుంచి మొదలైంది అసలు కష్టం. రోజూ నాలుగు పూటలు బేసిన్‌లో వేణ్ణీళ్ళు. అట్టముక్క మీద ఒక్కొక్క వేలూ చాచి, టేపు అంటించి, పూటపూటకూ విప్పి, ఆముదం రాసి తోమేది. ఇప్పుడు కట్టు వదులుగా కట్టేది. పెట్ట మెరుగవుతుంటే ఆవిడ చిక్కిపోయింది. ఒక వేలు విప్పారితే నవ్వేది, ఆ నవ్వు పూర్తికాకముందే గద్దె వైపు చూసేది. ఇంకా కుంటుతోంది కాబట్టి పండగ దాటినా మంగళవారాలు ఒక్కొక్కటే దొర్లిపోయాయి. సింహాద్రి ఆరుంబావుకు బదులు ఆరున్నరకు వస్తే చాలు, ఆవిడ వీధి చివర నిలబడి ఉండేది.

ఏడో మంగళవారం మధ్యాహ్నం చుక్కి గోడ పక్కన కాలువ దాటింది. ఒక్క ఎగురు, రెండు కాళ్ళ మీద దిగింది. మళ్ళీ ఇటు దాటింది. నేను కిటికీలోంచి, ఆవిడ మెట్టు మీదనుంచి, ఇద్దరం చూశాం.

నాలుగింటికి జోగమ్మ తలారా స్నానం చేసి, పెట్టను ఎత్తుకుని గోడ దగ్గరికి వచ్చింది. "రా పిన్నీ. మొక్కినప్పుడు నువ్వున్నావు. ఇప్పుడూ ఉండాల."

గద్దె దగ్గర ఎవరూ లేరు. జోగమ్మ పెట్టను కింద పెట్టింది. అది తిన్నగా, ఠీవిగా మరిడమ్మ ముందునుంచి నడిచి, పడిపోయిన పూలరేకులను పొడిచి చూసింది. పసుపు నీళ్ళు ఆవిడ తేలేదు.

"సూసినావా తల్లీ, నడుస్తన్నాది," అంది. "దీన్ని కుంటిదాన్ని సేసి నిన్ను మోసం సెయ్యబోయేను. అది నా తప్పు. ఇప్పుడు మోసం లేదు, మొహం మీదే సెబుతున్నాను. ఇవ్వలేను. పేరెట్టుకున్నాను, సేత్తో తినిపించేను, నా వల్ల కాదు. కోపమొస్తే నా మీద సూపించు. నా కాలిరిసీ, నా కళ్ళు తియ్యి. రోడ్డు మీదున్న మనిషి జోలికెల్లకు. ఆయనకీ దీనికీ సమ్మంధం లేదు."

వంగి, పెట్ట కాలికున్న పసుపు దారం పళ్ళతో కొరికి తెంపి, గద్దె మీద పెట్టింది. ఎవరైనా అలా చేయగా నేను చూడలేదు, వినలేదు.

ఇంటికి వచ్చేసరికి మబ్బు పట్టింది. ఆరైంది. ఆరుంబావు అయింది. ఆరున్నరకు వాన మొదలైంది. జోగమ్మ ఫోను చేసింది, స్విచ్ఛాఫ్. మళ్ళీ చేసింది, స్విచ్ఛాఫ్. ఏడైంది.

"పిన్నీ," అంది. అంతే.

నేను ఏదో అనాలి. ట్రాఫిక్ జామ్ అనో, ఓవర్‌టైమ్ అనో. పెట్ట మంచం కింద ముడుచుకుని కూర్చుంది. జోగమ్మ దాని వైపు చూడటం లేదు. గుమ్మం పట్టుకుని వీధిలోకి చూస్తోంది. వీధి మలుపులో ఏ లైటు పడినా లేచి, అది దాటిపోగానే కూర్చుంటోంది. ఏడుంబావు. నేను మనసులోనే మరిడమ్మతో మాట్లాడుతున్నాను. సాక్షిని నేనే కదమ్మా, నన్నూ లెక్కలో వేసుకో అంటున్నాను.

ఏడూ ఇరవైకి మలుపులో ఒక మనిషి కనిపించాడు. లైటు లేని స్కూటరు నెట్టుకుంటూ వస్తున్నాడు. ముద్దగా తడిసిపోయి, తల వంచుకుని.

"ఒకే టైరుకి రెండు పంచర్లే జోగీ," అన్నాడు సింహాద్రి గుమ్మం దాకా రాకుండానే. "దార్లో సరోదా దగ్గర్నుంచి నెట్టుకొస్తన్నాను. ఫోను నీళ్ళలో... ఏటలా సూస్తావు? ఏటయినాది?"

జోగమ్మ రెండు చేతులతో అతని రెయిన్‌కోటు పట్టుకుంది. వదల్లేదు. అతను అర్థంకాక నా వైపు చూశాడు. "అంతా తరవాత సెబుతాది నాయినా. ముందు లోపలికి రా," అన్నాను.

అతను స్కూటరును పెరట్లోకి నెట్టాడు. వాన పెద్దదైంది. చుక్కి మంచం కిందనుంచి బయటికి వచ్చి, రెండు కాళ్ళ మీదా గబగబా పరిగెత్తి, ఎప్పటిలాగే స్కూటరు కింద దూరింది.

సింహాద్రి స్టాండు మీద కాలు వెయ్యబోయి ఆగాడు. తుంటి నొప్పికి మూలుగుతూ నేల దాకా వంగి, చక్రం కిందికి తొంగి చూశాడు.

"హత్, హత్, లెగు చుక్కమ్మా," అన్నాడు. అది కదిలేదాకా వానలో అలాగే వంగి ఉన్నాడు.